అరవై మంది కూర్చున్న ఒక్క స్టూలు

జనగామ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో మేము చదివిన కాలంలో రికార్డును ఎవరూ రాసేవారు కాదు, దించేవారు. మా ముందు బ్యాచ్ వాళ్లు వాళ్ల ముందు బ్యాచ్ నుంచి, వాళ్లు ఆ పై బ్యాచ్ నుంచి మక్కీకి మక్కీ దించుకున్న రికార్డులు మాకు ఆస్తిలాగా వచ్చేవి. ఒక ప్రయోగంలో వోల్టేజీ రెండు వందల ముప్పై ఏడు అని ఉండేది. ఆ అంకె చూపించిన మీటరు ఎప్పుడో పాడై బీరువా మీదికి చేరింది, దాని అద్దం వెనక బల్లి కాపురం పెట్టింది, అయినా ఆ రెండు వందల ముప్పై ఏడు మాత్రం ఏటా కొత్త నోటుబుక్కులో కొత్త సిరాతో పుడుతూనే ఉండేది. మాకు అందులో తప్పేమీ కనిపించేది కాదు. ఎవరైనా నిజంగా రీడింగు చూసి రాస్తే అది పాత రికార్డుతో కలిసేది కాదు, లేనిపోని పరేషాన్. అలాంటి చోటికి ఒకాయన వచ్చి "మీ తప్పులు మీరే రాయండి, ఎవరిది వాళ్లు సొంతంగా రాయండి" అంటే ఏమవుతుంది? అదే అయింది.

ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. నేను ఏదీ మరిచిపోను. ఆరో తరగతిలో నా పేరు పిలవకుండానే హాజరు పట్టీ మూసేసిన టీచరమ్మ గుర్తుంది. చేయి ఎత్తినా ఆపకుండా పోయిన పరకాల బస్సు నంబరు గుర్తుంది. హాస్టల్లో అందరికీ పెద్ద గుడ్డు వేసి నాకు చిన్న గుడ్డు వేసిన ఆదివారాలు వరసగా చెప్పగలను. మొదటి సంవత్సరం మూడు నెలల్లో ప్రిన్సిపాల్‌కు ఏడు దరఖాస్తులు పెట్టాను. (ఏడింట్లో ఒక్కదానికే జవాబు వచ్చింది. అది కూడా "అక్షరాలు జర పెద్దగ రాయుము" అని.) అప్పటినుంచి క్లాసులో నా పేరే "దరఖాస్తు" అయిపోయింది. "దరఖాస్తు వస్తున్నదిరా, స్టూలు ఖాళీ చెయ్యి" అనేవాళ్లు. మా అబ్బా, అంటే మా నాయన, ఇంకో మాట అనేవాడు: "బేటీ, నీ కడుపుల రాళ్లు సుత అరుగుతయి గని మాట అరగదు." ఇంట్లో మేము దక్కనీ మాట్లాడుకుంటాం, మీ కోసం తెలుగులో చెప్తున్నాను, ఉర్దూలో ఇంకా గట్టిగా తగిలేది.

మాది మొగుళ్లపల్లి. అబ్బాకు అక్కడ మోటర్ వైండింగ్ దుకాణం. కాలిపోయిన బావి మోటర్లు విప్పి, పాత రాగి తీగ తీసేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాడు. పదేండ్ల వయసు నుంచి నేను ఆయన పక్కన కూర్చొని మోటరు లోపలి గాడుల్లో తీగ కింద కాగితం పెట్టేదాన్ని. నాకు తొమ్మిదేండ్లప్పుడు భూపాలపల్లి దిక్కు కరెంటు తయారుచేసే కార్ఖానా కడుతున్నారు. పొగగొట్టం సగానికి లేచింది. అబ్బా నన్ను స్కూటర్ మీద గేటు దాకా తీసుకుపోయాడు. అక్కడి వాచ్‌మన్ లేవకుండానే చేయి ఊపి, "లోపల నీకేం పని బిడ్డా, ఇంటికి వొయ్యి బువ్వ తిను" అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు, అబ్బా కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఏదో ఒక రోజు ఆ గేటులోంచి లోపలికి పోయి, అక్కడ నాకేం పనో ఆయనకు చెప్పి రావాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. నేను ఇంజనీరింగ్‌లో కరెంటు బ్రాంచి తీసుకోవడానికి అసలు కారణం అదే. (ఇంటర్వ్యూలలో మాత్రం వేరే కారణం చెప్పాను.)

మూడో సంవత్సరంలో మెషీన్ల ల్యాబు వచ్చింది. ఇద్దరికో మెషీను. నాకు జోడీగా పడినవాడు కొత్తగూడ అడవుల్లోంచి వచ్చిన పొడుగాటి పిల్లాడు. వాడి చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉండేది, కాబట్టి వాడి పేరు టెస్టర్. మనిషి మంచోడే. కానీ మొదటి రోజే వైర్లన్నీ దగ్గరికి లాక్కొని, "కనెక్షన్లు నేనిస్త. నీ రాత ముత్యాల లెక్క ఉంటది గద, నువ్వు రీడింగులు రాయి" అన్నాడు. అది పొగడ్త అనుకున్నాడు వాడు. మోటర్లు చుట్టే ఉస్తాద్ బిడ్డను పట్టుకొని రాసుకో అంటాడా! చుట్టూ చూస్తే ప్రతి మెషీను దగ్గరా అదే కథ: మగపిల్లలు వైర్లు పట్టుకున్నారు, ఆడపిల్లలు పెన్నులు పట్టుకున్నారు. దానికి తోడు ల్యాబ్ అటెండర్ అన్న ఒకడు. ల్యాబులో ఒక్క స్టూలుకే ఒక కాలు పొట్టి. నేను ఎంత ముందు వచ్చినా సరే, అది నా వైపే జరిపేవాడు. "తేలికగున్నవ్ గద చెల్లె, నీకైతే ఊగది" అనేవాడు. ఊగేది.

ఆ ల్యాబుకే ఆ సంవత్సరం కొత్త సారు వచ్చాడు. మొదటి రోజు బోర్డు మీద ఏమీ రాయలేదు. "పొద్దున లేచి అద్దంల మొఖం చూసుకుంటరు గద. ల్యాబ్ అయినంక సుత ఒకసారి చూసుకోండ్రి," అన్నాడు. ప్రతి ఒక్కరూ ఒక నోటుబుక్కు పెట్టాలట. వారానికి ఒక పేజీ. ఏం చేశాను, ఏమవుతుంది అనుకున్నాను, ఏమైంది, ఎందుకైంది, మళ్లా చేస్తే ఏం మారుస్తాను. తెలుగులో రాసినా ఫరవాలేదు. "కరెక్టుగ చేసినోడు రికార్డుల రాసుకుంటడు. గిండ్ల మాత్రం తప్పు రాసినోడికే మార్కులు" అన్నాడు. వెనక బెంచి నుంచి ఒకడు లేచి, "సార్, పోయిన బ్యాచోళ్ల తప్పులు దొరుకుతయా?" అని అడిగాడు. నవ్వులాట కాదు, నిజంగానే అడిగాడు. అప్పటినుంచి ఆయన అద్దం సారు, ఆ నోటుబుక్కు అద్దం పుస్తకం.

సారు ఇంకో రెండు మాటలు చెప్పాడు. ఇష్టమున్నవాళ్లు ప్రతి శనివారం పుస్తకం తన బల్ల మీద పెడితే చదివి ఒక మాట రాసి ఇస్తాడట. సెమిస్టర్ చివర మాత్రం అందరివీ చూసి ఇద్దరిని ఎంపిక చేసి ఎండాకాలం రెండు వారాలు ట్రైనింగుకు పంపిస్తాడట. ఎక్కడికి? భూపాలపల్లి దిక్కున్న ఆ కరెంటు కార్ఖానాకే. నేను స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను. స్టూలు ఊగింది. అయినా కూర్చున్నాను.

ప్రతి శనివారం బల్ల మీద పుస్తకం పెట్టింది అరవై మందిలో నేనొక్కదాన్నే. చదువు మీద ప్రేమతో కాదు. అడగకుండానే దరఖాస్తు పెట్టుకునే వసతి దొరికింది, అది కూడా వారం వారం. వదులుతానా? మొదటి వారం స్టూలు గురించి రాశాను. రెండో వారం టెస్టర్ నన్ను మీటర్ ముట్టనియ్యడని రాశాను. మూడో వారం ఆడపిల్లనని అందరూ రాత పనే చెప్తున్నారని, మా అబ్బా మోటర్లు చుట్టుతాడని, నాకు వీళ్లందరికంటే ఎక్కువ తెలుసని రాశాను. నాలుగో వారం మళ్లీ స్టూలు. సోమవారం పుస్తకం వెనక్కి వచ్చేది, పేజీ కింద ఎర్ర సిరాతో రెండే మాటలు ఉండేవి: "ఇందులో నువ్వెక్కడ?" ఐదో వారం అదే. ఆరో వారం అదే. ఎక్కడ అంటే ఏంది? ప్రతి వాక్యంలో నేనే ఉన్నాను. నన్ను కూర్చోబెట్టారు, నన్ను ముట్టనియ్యలేదు, నన్ను రాయమన్నారు. ఇంకెంత ఉండాలి మనిషి?

హాస్టల్లో నా రూమ్మేటుది మహబూబాబాద్, అందుకే అందరం మానుకోట అని పిలిచేవాళ్లం. తనకు చూపిస్తే నూనె రాసుకుంటూ చదివి, "గాయినకు ఏం గావాల్నో తెలుస్తలేదా? నాది తప్పయింది అని రెండు ముక్కలు రాయరాదె, పీడ వోతది" అంది.

"తప్పు చేస్తె గద రాసేది!" అన్నాను.

"నీ అసొంటోళ్లకు తప్పు దొరకది తియ్యి. సూత్తెనే గద దొరికేది" అంది. ఆ మాట కూడా రాసి పెట్టుకున్నాను.

సెమిస్టర్ చివరికి వచ్చింది. మర్నాడు అందరూ పుస్తకాలు ఇవ్వాలని సారు చెప్పిన రోజు మధ్యాహ్నం, అన్నం తినగానే, క్లాసుకు క్లాసే లేచి కూర్చుంది. ఒక్కరు కూడా ఒక్క పేజీ రాయలేదు. మానుకోట నా దగ్గరికి వచ్చి, "జర సూశి ఇస్తనె, ఎట్ల రాయాల్నో తెల్వది" అని అద్దం పుస్తకం పట్టుకుపోయింది. తర్వాత తెలిసింది, అది హాస్టల్ వరండాలో పదిమంది చేతుల్లో తిరిగి, కాంటీన్ దాకా పోయి, అక్కడ టెస్టర్ చేతిలో పడి, అబ్బాయిలందరి దగ్గరికీ పోయింది. సాయంత్రానికి తిరిగి వచ్చింది. ఆరో వారం పేజీ మీద అరచేతి అంత పప్పుచారు మరక. నాకు కడుపు మండిపోయింది. "ఎవలు జేసిన్రు గీ పని?" అని హాస్టల్ మొత్తం తిరిగి అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఎవరు ఒప్పుకుంటారు? తప్పు చేసినవాళ్లు ఒప్పుకోరు కదా. (ఈ వాక్యం దగ్గర మీరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.)

తర్వాతి వారం సారు ల్యాబులోకి అరవై పుస్తకాలు మోసుకొచ్చాడు. బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకొని, లెక్కబెడుతున్నట్టు స్టూళ్ల వైపు చూశాడు. "పొట్టి కాలు స్టూలు ఎన్నున్నయి ల్యాబుల?" అని అటెండర్ అన్నను అడిగాడు. అన్న భయపడి, "ఒక్కటే సార్, ఈ వారంల బాగుజేయిస్త" అన్నాడు. "మంచిది. ఒక్క స్టూలు మీద అరవై మంది ఎట్ల కూసున్నరో గది జెప్పండ్రి," అన్నాడు మా వైపు తిరిగి. అప్పుడు పుస్తకాలు ఒక్కొక్కటే విప్పి చదవడం మొదలుపెట్టాడు. మీసాలు తిప్పే మా క్లాసు పహిల్వాన్ ఒకడున్నాడు, వాడి పుస్తకంలోంచి: "నేను ఆడపిల్లనని నాకు అందరూ రాత పనే చెప్తున్నారు." క్లాసు గొల్లుమంది. ఇంకొకడిది: "మా అబ్బా మోటర్లు చుట్టుతాడు." వాళ్ల నాయన మహబూబాబాద్‌లో పోస్ట్‌మాన్. తర్వాత టెస్టర్ పుస్తకం తీశాడు. "నా జోడీ టెస్టర్ నన్ను మీటర్ ముట్టనియ్యడు." సారు తల ఎత్తి, "ఏమయ్యా, నిన్ను నువ్వే ముట్టనిస్తలెవ్వా?" అన్నాడు. టెస్టర్ లేచి నిలబడి, జేబులోని టెస్టర్‌ను పట్టుకొని, "ముట్టనిస్త సార్ ఇప్పటి సంది" అన్నాడు.

అసలుది ఇంకా మిగిలే ఉంది. సారు ఒక పుస్తకం విప్పి మా అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. పేజీ కింద ఎర్ర సిరాతో "ఇందులో నువ్వెక్కడ?" ఇంకోటి ఎత్తాడు. దాంట్లోనూ ఎర్ర సిరాతోనే. ముప్పై ఆరు మంది సారు వ్యాఖ్యను కూడా దించారు, కొందరైతే ఎర్ర పెన్ను కొనుక్కొచ్చి మరీ. మానుకోట ఆ ముప్పై ఆరులో ఉంది. "కింద గీత సుత కొట్టిన సార్, సాఫ్‌గ ఉండాల్నని" అంది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపమో నవ్వో తెలియలేదు. "నా చేతిరాత సుత మంచిగ దించిన్రు" అన్నాడు చివరికి.

నేను లేచి నిలబడ్డాను. నా పుస్తకాన్ని అందరూ వాడుకున్నారన్న బాధ ఒకవైపు, సారుకు అసలు మనిషి ఎవరో తెలిసిందన్న గర్వం ఒకవైపు. "సార్, అసలు పుస్తకం నాది. ఆరో వారం పేజీ మీద చారు పోసిందెవలో జర కనుక్కోండ్రి" అన్నాను. క్లాసు మళ్లీ నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. నెమ్మదిగా అన్నాడు: "చారు సంగతి తర్వాత. ఎనిమిదో వారం సంగతి చెప్పు. నీ పుస్తకంల ఏడు తర్వాత తొమ్మిదున్నది. నీ దాంట్ల లేదు గనుక ఎవ్వరి దాంట్ల లేదు. అరవై పుస్తకాలల్ల ఒక్కటే పేజీ గాయబ్."

నేను కూర్చున్నాను. స్టూలు ఊగింది.

ఎనిమిదో వారం ఏమైందో చెప్తాను. ఆ రోజు టెస్టర్ రావడం ఆలస్యమైంది. బల్ల మీద వైర్లు, మూడు ఫేజుల మోటరు, చుట్టుపక్కల ఎవరూ లేరు. ఇన్ని వారాలకు దొరికింది నాకు. వాడు వచ్చి లాక్కోకముందే అయిపోవాలని గబగబా కనెక్షన్లు ఇచ్చేశాను. రెండు నట్లు బిగించాను. మూడోది వేలితో తిప్పి, స్పానర్ అందుకోబోతుంటే తలుపు దగ్గర వాడి చెప్పుల చప్పుడు వినిపించింది. అంతే, స్పానర్ వదిలేసి, ఎంతో తీరికగా ఉన్నట్టు చేతులు కట్టుకొని నిలబడ్డాను. వాడు రొప్పుకుంటూ వచ్చి అలవాటు ప్రకారం స్టార్టర్ నొక్కాడు. మోటరు తిరగలేదు, గుమ్మని మూలిగింది. తిరుగుతుందేమో అని వాడు ఇంకొంచెంసేపు అలాగే పట్టుకున్నాడు. ముందు వాసన, తర్వాత పొగ. ల్యాబు గోడకు ఆ మసి చాలా రోజులు ఉండింది.

అటెండర్ అన్న ఉరికొచ్చి మెయిన్ దించి టెస్టర్ మీద పడ్డాడు. "ఎప్పుడు సూడు నీ చేతులు ఊకుండయ్! రెండు వారాలు మెషీన్ మీద చెయ్యి పెట్టినవో సూడు!" కనెక్షన్లు ఎప్పుడూ వాడే ఇస్తాడని అందరికీ తెలుసు. "అన్నా, నేను గిప్పుడే..." అని మొదలుపెట్టి టెస్టర్ నా వైపు ఒకసారి చూశాడు. నేను రికార్డులోకి చూస్తున్నాను. అందులో రెండు వందల ముప్పై ఏడు అని ఉంది. వాడు నోరు మూసుకున్నాడు. తర్వాతి రెండు వారాలు వాడు పొట్టి కాలు స్టూలు మీద కూర్చొని రీడింగులు రాశాడు, కనెక్షన్లన్నీ నేనిచ్చాను. కాలేజీలో నేను అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ లేవు. పరకాల బస్సు నంబరు గుర్తుపెట్టుకున్న మనిషిని, ఈ సంగతి మాత్రం ఎంత చక్కగా మరిచిపోయానంటే, ఆ వారం పేజీ రాయలేదన్న సంగతి కూడా నాకు గుర్తు లేదు.

సారు తీర్పు చెప్పాడు. ఈ పుస్తకాలన్నీ రద్దు. సోమవారానికి ప్రతి ఒక్కరూ ఒక్క పేజీ తేవాలి, ఎనిమిదో వారానిది. ట్రైనింగుకు పోయే ఇద్దరిని ఆ ఒక్క పేజీ చూసే ఎంచుతాడు. నాకు పొగగొట్టం కళ్ల ముందు కూలినట్టయింది. రాస్తే మోటరు కాల్చినదాన్ని, పైగా ఇంకొకడి మీదికి నెట్టినదాన్ని. అలాంటిదాన్ని ఎవరు పంపిస్తారు కార్ఖానాకు? రాయకపోతే ఆ పేజీ రెండోసారి కూడా గాయబ్.

శనివారం ఇంటికి పోయాను. దుకాణంలో అబ్బా ముందు ఒక రైతు కాక కూర్చొని ఉన్నాడు, కాలిపోయిన మోటరు వాళ్లిద్దరి మధ్య విప్పి ఉంది. కాక ఆగకుండా చెప్పుకుపోతున్నాడు. "నేనేం జెయ్యలే ఉస్తాద్. దానంతట అదే కాలింది. లైన్‌మన్ గాడు సక్కగ లేడు. పక్క చేనోడు దొంగచాటుగ నా లైను మీద కొక్కెం ఏస్తడు. కోతులు సుత ఉన్నయి. మొన్న మా తమ్ముని పెండ్లాం మోటర్ దిక్కు సూశి కండ్లు పెట్టింది."

అబ్బా అన్నీ విన్నాడు. విని, కాలిన తీగ చుట్టలు బయటికి తీసి నేల మీద పరిచాడు. రెండు వరసలు నల్లగా బొగ్గయ్యాయి, మూడో వరస కొత్త బిందెలాగా మెరుస్తోంది. "ఇగో సూడు కాకా. మూడు ఫేజులల్ల ఒకటి రాలే. మిగిలిన రెండు దాని బరువు సుత మోసి కాలిపోయినయి. రానిది స్టార్టర్ పెట్టెకాడ నట్టు వదులై. కోతులు, మీ మరదలు, లైన్‌మన్, అందరు సరే. నట్టు బిగిచ్చిందెవలు?"

కాక తువ్వాలతో మెడ తుడుచుకొని చాలాసేపు బిందెలాగా మెరిసే ఆ మూడో వరసను చూశాడు. "నేనే," అన్నాడు. "వానొస్తుండె. వేలితోని తిప్పి ఉరికొచ్చిన."

నేను చూపు గోడ మీదికి తిప్పుకున్నాను. మా దుకాణం గోడకు మేకులు ఉంటాయి. కాలిన ప్రతి మోటరులోంచి ఒక చుట్ట తీసి, ఎవరిది, ఎందుకు కాలిందో అట్ట ముక్క మీద రాసి కట్టి వేలాడదీయడం అబ్బా అలవాటు. చిన్నప్పుడు నేను వాటిని బొమ్మలనుకునేదాన్ని. కాక పోయాక అడిగాను, ఎందుకు ఇవన్నీ పెట్టుకుంటావని. "మల్ల గదే మోటర్ వస్తె గుర్తుండాలె గద బేటీ. కాలిన తీగ అబద్ధం ఆడది, మనిషే ఆడుతడు" అన్నాడు. ఇక ఆగలేక ఎనిమిదో వారం కథ మొత్తం చెప్పాను. మధ్యలో స్టూలు గురించి, టెస్టర్ మీటర్ ముట్టనియ్యకపోవడం గురించి, అటెండర్ అన్న ఫ్యూజులో సన్న తీగ పెట్టాల్సిన చోట లావు తీగ చుట్టడం గురించి కూడా చెప్పాను. అబ్బా లేచి, తలుపు వెనక మేకుకు గోడవైపు తిప్పి వేలాడదీసిన ఒక పాత చుట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అట్ట మీద ఉర్దూలో రాసి ఉంది. ఆయన పేరే. కింద: వదులు నట్టు.

"నేర్చుకునేటప్పుడు కాల్చిన. ఉస్తాద్ ఇంకో పోరన్ని కొట్టిండు. నేను సూస్తనే ఉన్న," అన్నాడు.

"మరి గోడ దిక్కు ఎందుకు తిప్పినవ్ అబ్బా?"

"సిగ్గు గాదా?" అన్నాడు. అట్ట మీది దుమ్ము తుడిచి, "గని పారెయ్యలే" అన్నాడు.

ఆ ఆదివారం పొద్దంతా దుకాణం మెట్టు మీద కూర్చొని రాశాను. ఒక్క పేజీ అన్నారు, నాకు నాలుగైంది. మొదటి పేజీ టెస్టర్ ఆలస్యంగా రావడం గురించి, రెండోది స్టార్టర్‌ను అంతసేపు పట్టుకోవడం గురించి, మూడోది లావు ఫ్యూజు తీగ గురించి. (అవి నిజాలే. ఇప్పటికీ ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను.) నాలుగో పేజీలో మాత్రం రెండే వాక్యాలు. "మూడో నట్టు నేను బిగించలేదు. అటెండర్ అన్న వాణ్ని తిడుతుంటే నాకు తెలిసి కూడా ఊకున్న." సోమవారం సారు చదివి అక్కడే ఎర్ర పెన్ను తీశాడు. ఈసారి ఒక్క మాటే రాశాడు: "దొరికినవ్."

తర్వాత ఇంకో కాగితం నా ముందు పెట్టాడు. అది టెస్టర్ రాసింది. "ఎనిమిదో వారం: కనెక్షన్ నేను ఇచ్చింది కాదని తెలిసి కూడా చూసుకోకుండా స్టార్టర్ నొక్కిన. మోటర్ మూలిగినప్పుడే వదలాలె, వదలలేదు. అసలు మొదటి సంది సగం కనెక్షన్లు ఆమెను ఇయ్యనిస్తే ఆమె గంత తొందరపడేది కాదు." కనెక్షన్ ఎవరిచ్చారో సారుకు ఎట్లాగూ తెలుసనుకొని రాశాడో, నాకు శిక్ష పడకూడదని సగం దాచి సగం రాశాడో ఇప్పటికీ తెలియదు. "ఒక్క తిట్టు లేకున్నా, పండుకున్నదాన్ని లేపి తిట్టినట్టుంది సార్ ఇది" అన్నాను. సారు మొట్టమొదటిసారి గట్టిగా నవ్వాడు. ఎండాకాలం మమ్మల్ని ఇద్దరినే పంపించాడు. (మూడు పేజీలు ఎక్కువ రాసినందుకు మాత్రం మార్కులు తగ్గించాడు. అది మరిచిపోలేదు.)

కార్ఖానా గేటు దగ్గర నేను చెప్పాల్సిన మాట పన్నెండేండ్లుగా తయారు చేసి పెట్టుకున్నాను. వాచ్‌మన్ ఆయనేనో, వేరే ఆయనో, మొఖం పోల్చుకోలేకపోయాను. కాగితం చూపించి, గొంతు సవరించుకొని, "నాకు లోపల పనున్నది" అన్నాను.

"పనుంటెనే గద వస్తరు," అన్నాడాయన, తల కూడా ఎత్తకుండా. "టోపీ పెట్టుకోండ్రి బిడ్డా, పైనుంచి ఏమన్న వడ్తది."

అంతే. పన్నెండేండ్ల కోపానికి ఒక పసుపు టోపీ ఇచ్చి లోపలికి పంపించాడు. లోపల మొదటి రోజే మీటరు ముందు నిలబడి టెస్టర్ పక్కకు జరిగాడు. "నువ్వు చూడు, నేను రాస్త" అన్నాడు. వాడి రాత కోడి గీకినట్టుంటుంది. ఆ రెండు వారాల రీడింగులు ఇప్పటికీ ఎవరికీ అర్థం కావు.

ఇప్పుడు నేను మహబూబాబాద్ జిల్లాలో కరెంటు ఆఫీసులో ఇంజనీర్ని. ఎక్కడ లైను పోయినా లైన్‌మన్ కారణం రాసి కాగితం పంపాలి. ఎన్ని కాగితాలు వచ్చినా కారణం ఒక్కటే ఉంటుంది: కోతి. వానాకాలం కోతి, ఎండాకాలం కోతి. ఒక్క కోతి ఇన్ని మండలాలు ఎట్లా తిరుగుతుందో నాకు అంతుబట్టదు. మొదట్లో మండిపడేదాన్ని, ఇప్పుడు ఎర్ర పెన్ను తీసి కింద రెండు మాటలు రాసి వెనక్కి పంపుతాను. మా పెద్ద లైన్‌మన్ అన్న ఒకరోజు కాగితం పట్టుకొని వచ్చి, "మేడం, నేనెక్కడ అంటే ఏం రాయాలె? నేను స్తంభం మీదున్న" అన్నాడు. "గదే రాయి అన్నా, ఏం జేస్తున్నవో సుత రాయి" అన్నాను.

ఈ కథ రాద్దామని మొన్న పాత అద్దం పుస్తకం వెతికి తీశాను. ఇన్నేండ్లయినా ఆ చారు పోసినవాళ్లను పట్టుకోవాలన్న పంతం పోలేదు. ఎవరి మీదో రాసేద్దామనే ఆరో వారం పేజీ తెరిచాను, అనుమానం ఎక్కువగా మానుకోట మీద. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకొని చూశాను. మరక అట్లాగే ఉంది, నూనె ఆరి పసుపుపచ్చగా. దాని మీదుగా సారు ఎర్ర అక్షరాలు పోయాయి. చారు నూనె ఉన్న చోట సిరా పట్టక "నువ్వెక్కడ" అన్న మాట మధ్యలో తెగింది, మరక దాటాక మళ్లీ అందుకుంది. చాలాసేపు చూశాను, అబ్బా కాలిన చుట్టను చూసినట్టు. సారు ఆ మాట రాసింది ఆ వారం సోమవారమే. అప్పటికి పుస్తకం ఇంకా ఎవరి చేతికీ పోలేదు. అంటే సిరా పడకముందే చారు పడింది.

ఆ రోజుల్లో నేను అన్నం తింటూ, ఎడమ చేత్తో చెంచా పట్టుకొని, కుడి చేత్తో కోపంగా రాసుకునే అలవాటు ఒకటి ఉండేది. అది కూడా ఇప్పుడే గుర్తొచ్చింది.

మానుకోటకు ఫోను చేసి చెప్పాలి. చేస్తాను. హాస్టల్లో పప్పుచారులో అంత నూనె ఎందుకు పోసేవారో ముందు అది అడిగి, తర్వాత చెప్తాను.